మిత్రదేశపు అధినేత మీద అరెస్టు వారంటు ఉంటే అమలు చేయాల్సిందేనా?

కోటగుమ్మం (విజయనగరం):
2025 డిసెంబరులో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఢిల్లీ వచ్చి వెళ్లినప్పటి నుంచి మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఈ వాదన తెగడం లేదు. ఉక్రెయిన్ పిల్లలను చట్టవిరుద్ధంగా రష్యాకు తరలించారన్న అభియోగంపై హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2023 మార్చి 17న ఆయనపై వారంటు ఇచ్చింది. ఆ కోర్టును ఏర్పరచిన రోమ్ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. కాబట్టి సభ్యదేశాలకు ఉన్న అప్పగింత బాధ్యత మనకు లేదు. నేను అడుగుతున్నది చేరిన దేశాల గురించి. 2024 నవంబరు 21న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద వారంటు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో హంగరీ ఆయనను పిలిచి సైనిక వందనంతో స్వాగతించింది. ఆయన అక్కడ ఉండగానే కోర్టు నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

నా పక్షం దాచుకోను. సంతకం చేసిన ప్రభుత్వం పట్టుకుని అప్పగించాలి, స్నేహితుడైతే మరీ ముఖ్యంగా. శత్రువును పట్టుకోవడానికి ఏ దేశానికీ ఒడంబడిక అక్కరలేదు. మా వైపు వాళ్లకు బొబ్బిలి కథ కొత్తగా చెప్పనవసరం లేదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని ఫిరంగులను ఆ కోట మీదికి నడిపించుకు వెళ్లింది మా విజయరామరాజే. కోటలో ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా దాదాపు ఎవరూ మిగలలేదు. రాజు బుస్సీకి మిత్రుడు. ఆయనను నిలదీసి అడిగే చోటు ఈ భూమి మీద ఎక్కడా లేదు. కొద్ది రాత్రులకే తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి పొడిచాడు. విజయనగరంలో పుట్టి ఈ మాట రాయడం నాకు సులువు కాదు. కానీ విచారణకు దారి లేనప్పుడు మిగిలేది ఆ కత్తే.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
కోటగుమ్మం గారూ, నేను ముప్పై ఏళ్లు న్యాయవాద వృత్తిలో ఉన్నాను. వారంటు అమలు కావాలనే కోరుకునేవాణ్ణి. అయినా మీతో పూర్తిగా ఏకీభవించలేను.

మొదట చట్టం. రోమ్ ఒడంబడిక 27వ అధికరణ ప్రకారం దేశాధినేత అన్న హోదా ఎవరినీ కాపాడదు. 98వ అధికరణ మాత్రం, ఇతర దేశాల అధికారులకు ఉన్న రక్షణను ఉల్లంఘించేలా అప్పగింత కోరకూడదంటుంది. సభ్యత్వం లేని దేశపు అధినేత విషయంలో ఏది నెగ్గుతుంది? సూడాన్ అధ్యక్షుడు బషీర్ వచ్చినా పట్టి అప్పగించని జోర్డాన్ కేసులో 2019లో ఆ కోర్టు అప్పీలు విభాగం, అంతర్జాతీయ కోర్టుల ముందు ఆ రక్షణ నిలవదని తేల్చింది. చాలామంది న్యాయశాస్త్ర పండితులు దాన్ని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. నెతన్యాహు విషయంలో ఫ్రాన్స్ ఈ రక్షణ వాదననే ఎత్తుకుంది.

ఇక మంగోలియాను చూడండి. అటు రష్యా, ఇటు చైనా, మూడో పొరుగు లేదు. వాడే పెట్రోలు, డీజిలులో సింహభాగం రష్యా నుంచే రావాలి. 2024 సెప్టెంబరులో పుతిన్ అక్కడికి వెళితే సంకెళ్లు వేయమని మనం ఇక్కడ కూర్చుని చెప్పగలం. చలికాలంలో అక్కడ బళ్లు కదలకపోతే ఆ బాధ పడేది మనం కాదు. బాధ్యత తప్పిందని ఆ అక్టోబరులో కోర్టు మంగోలియాను తప్పుపట్టింది. హేగ్‌లో కూర్చుని చెప్పడం తేలిక.

నాకు అన్నిటికన్నా గుచ్చుకునేది ఉగాండా. తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీ మీద 2005లో వారంటు వచ్చింది. తర్వాత దక్షిణ సూడాన్‌లోని జుబాలో శాంతి చర్చలు సాగాయి. వారంటు ఎత్తేస్తే తప్ప సంతకం పెట్టనన్నాడు. 2008లో చర్చలు చెదిరిపోయాయి, ఆ తర్వాత కూడా ఊళ్లు తగలబడ్డాయి. చర్చకు కూర్చోవలసినవాడికి జైలు తప్ప మరో దారి చూపించకపోతే యుద్ధం ఆపుతాడా?

అలల ఒడ్డు (ఎచ్చెర్ల):
పెద్దలు మాట్లాడుకుంటున్నచోట నేనొక్క మాట చెప్పాలి. మా తీరం మగవాళ్లు చేపల పనికి గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్తారు. 2018 నవంబరులో మన రెండు జిల్లాల వాళ్లున్న బోట్లను పాకిస్తాన్ పట్టుకుంది. నీళ్ల మీద గీత ఎవరికీ కనబడదు. అయినా దాటారన్నారు. పదమూడు నెలలకు పైగా కరాచీ జైల్లో ఉంచి, 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. ఆ ఏడాది మా ఇరుగుపొరుగు ఇళ్లలో పండుగలు లేవు. ఫోను మోగితే గుండె ఆగేది.

వాళ్లకు ఏ రక్షణ అధికరణా అడ్డు రాలేదు. గీత దాటినవాడు బెస్తవాడైతే వెంటనే జైలు, వేల ఇళ్లు కూలగొట్టించినవాడు అధినేత అయితే ఎర్ర తివాచీ. ముఖం చూసి బొట్టు పెట్టే న్యాయం మాకు అలవాటే. దాన్ని చట్టం అని పిలవొద్దని మాత్రమే అడుగుతున్నాను.

నాగావళి గట్టు:
అమ్మా, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ మత్స్యకారులు తిరిగి వచ్చింది కూడా రెండు ప్రభుత్వాల మధ్య మాటలు తెగిపోనందువల్లనే. అదొక్కటి గుర్తుంచుకోండి.

వంశధార కుర్రవాడు (నరసన్నపేట):
ఇరాక్ మీద దండెత్తిన వాళ్లలో ఏ పెద్ద నాయకుడి మీదైనా ఈ కోర్టు వారంటు ఇచ్చిందా? అమెరికా, రష్యా, చైనా చేరలేదు. అయినా అవి పెత్తనం చేసే భద్రతామండలి సూడాన్ కేసును ఈ కోర్టుకు పంపగలిగింది. మనం చేరకపోవడానికి మండలికి ఇచ్చిన ఆ పెత్తనం కూడా ఒక కారణం. ఇలాంటి కోర్టుకు విలువ ఇమ్మంటున్నారా మాస్టారూ?

కోటగుమ్మం:
తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. చాలా ఏళ్లు ఆ కోర్టు బోనులో ఆఫ్రికా వాళ్లే కనిపించారు. కానీ ఇప్పుడేం జరిగిందో చూడు. అమెరికాకు అతి దగ్గరి మిత్రుడి మీద వారంటు రాగానే 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ కోర్టు మీదే ఆంక్షలు పెట్టింది. పక్షపాతం పోవాలని ఇన్నాళ్లూ అడిగినవాళ్లం, అది పోయే మొదటి అడుగు పడినప్పుడు పక్కకు తప్పుకుంటే ఎలా?

నాగావళి గట్టు గారికి రెండు ఉదాహరణలు. చిలీ నియంత పినోచె 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్‌కు సాయపడిన మిత్రుడు. 1998 అక్టోబరు 16న స్పెయిన్ న్యాయమూర్తి కోరిక మీద లండన్ పోలీసులు ఆయనను ఆసుపత్రిలోనే అదుపులోకి తీసుకున్నారు. చిత్రహింసల నేరానికి మాజీ అధినేత హోదా అడ్డుకాదని అక్కడి అత్యున్నత న్యాయపీఠం చెప్పింది. 2000 మార్చిలో అనారోగ్యం పేరుతో వదిలేశారు, నిజమే. కానీ చిలీలో దిగిన కొద్ది నెలలకే ఆయన సొంత దేశపు కోర్టులే ఆ రక్షణ తీసేశాయి. లండన్‌లో పట్టుకోకపోతే శాంటియాగోలో ఆ ధైర్యం అప్పుడే వచ్చేదా? అప్పటికి ఆయన మాజీ కదా అంటారని తెలుసు.

అందుకే రెండోది. 2015 జూన్‌లో, ఈ కోర్టు వారంటు ఉన్న సూడాన్ అధ్యక్షుడు బషీర్ దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ వచ్చారు. దేశం విడిచి వెళ్లనీయవద్దని ప్రిటోరియా హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం ఆయన విమానాన్ని సైనిక స్థావరం నుంచి ఎగరనిచ్చింది. మరుసటి ఏడాది అక్కడి సుప్రీం అప్పీలు కోర్టు అది చట్టవిరుద్ధం అని తీర్పు చెప్పింది. సొంత కోర్టు మాటనే పక్కన పెట్టిన ప్రభుత్వం, రేపు ఒక రైతు స్టే తెచ్చుకుంటే పాటిస్తుందా? ఇందులో పోయేది పరాయి కోర్టు పరువు ఒక్కటే కాదు.

ఇంకొక మాట. వారంటు శిక్ష కాదు. మీ వృత్తిలో రోజూ చూసేదే, పిలిచినప్పుడు వచ్చి జవాబు చెప్పమనడం. ముద్దాయి లేకుండా హేగ్ కోర్టు విచారణ జరపదు. అతన్ని తెచ్చే పోలీసు దానికి లేడు. సభ్యదేశాలు తప్ప మరెవరు తెస్తారు?

నాగావళి గట్టు:
సొంత కోర్టు ఆదేశం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. అక్కడ నాకు మరో అభిప్రాయం లేదు. అయితే అదే దక్షిణాఫ్రికా నుంచి నాకు తోచిన దారి చెబుతాను. 2023 ఆగస్టులో బ్రిక్స్ సమావేశానికి పుతిన్ రావాల్సి ఉంది. వస్తే పట్టుకోక తప్పదన్న కేసు అక్కడి కోర్టులో నడిచింది. చివరకు ఆయన రాలేదు, విదేశాంగ మంత్రి లవ్రోవ్ వచ్చారు. యుద్ధం రాలేదు, ఒడంబడికా తెగలేదు. సంతకం చేసిన దేశం అతిథిని పిలవకుండా ఉండాలి. మంగోలియాకు కూడా ఆ మాత్రం అవకాశం ఉండేది. పిలిచి వదిలేయడం కన్నా అది మేలు. నా వాదనలో ఇంతవరకు వెనక్కి తగ్గుతున్నాను.

కోటగుమ్మం:
అది కనీసం. నేను అక్కడ ఆగను. కానీ మీరు అక్కడిదాకా వచ్చినందుకు సంతోషం.

అలల ఒడ్డు:
రాకుండా ఉంటే అధినేతకు ఒక ప్రయాణం తగ్గుతుంది. ఆ వారంటు ఉన్నది పిల్లల గురించి కదా. పదమూడు నెలలు మా ఇళ్లు ఎదురుచూశాయి, చివరికి మా వాళ్లు రైలు దిగారు. ఆ పిల్లల అమ్మలకు మన వాదనలో ఎవరి మాట పనికొస్తుందో చెప్పండి. ఆయనను ఎవరూ పిలవకపోతే వాళ్లు ఇంటికి వస్తారా, ఆయన కోర్టులో నిలబడి వాళ్లెక్కడ ఉన్నారో చెబితే వస్తారా?