కాన్ఫరెన్సులు మారాక మీ శనివారాలు ఎలా ఉన్నాయి? కాలేజీ ఫుట్‌బాల్, టీవీ రేటింగులు

స్టిల్‌వాటర్_పాతకాపు:
నేను ఓక్లహామా స్టేట్‌లో ఎం.ఎస్. చేశాను, ఇప్పుడు ప్లేనోలో ఉంటున్నాను. అమెరికా వచ్చిన కొత్తలో ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రూమ్మేట్లు లాక్కెళ్ళిన మొదటి బెడ్లం మ్యాచ్‌తో పిచ్చి పట్టింది. బెడ్లం అంటే మా ఓఎస్‌యూకీ, నార్మన్‌లో ఉన్న ఓక్లహామా యూనివర్సిటీకీ (ఓయూ) జరిగే మ్యాచ్. 1910 నుంచి 2023 దాకా ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా ఆడారు. కాలేజీలు కాన్ఫరెన్సులనే గుంపులుగా చేరి ఎక్కువగా తమలో తామే ఆడతాయి, టీవీ హక్కులు కలిసి అమ్ముకుంటాయి. మేమిద్దరం ఉన్న బిగ్ 12ని వదిలి ఓయూ ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళిపోవడంతో ఆగింది.

ఆఖరిది 2023 నవంబర్ 4న స్టిల్‌వాటర్‌లో. నేను స్టేడియంలోనే ఉన్నాను. 27-24తో గెలిచాం. జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్టులు పీకేశారు. మా ముందు వరసలో ఒక పెద్ద జంట. ఆయన నెత్తిన ఓయూ టోపీ, ఆవిడ ఒంటిమీద మా ఆరెంజ్ చొక్కా. మ్యాచ్ మధ్యలో కదిలిస్తే, పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా ఈ మ్యాచ్‌కి కలిసే వస్తున్నామని చెప్పారు. వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్తారని అడగడానికి నాకు నోరు రాలేదు.

టీవీ డబ్బు కోసమే ఇదంతా అని అందరికీ తెలుసు. మీ కాలేజీకి ఏమొచ్చింది, ఏం పోయింది? చూసినవాళ్ళు రాయండి.

ఆస్టిన్_హార్న్:
అన్నా, మా వైపు కథ వేరు. టెక్సస్ యూనివర్సిటీకి వచ్చిందే ఎక్కువ. మా రాష్ట్రంలోనే ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీతో మ్యాచ్ 2011లో ఆగిపోయింది. ఆ ఏడాదే మావాళ్ళు ఈఎస్‌పీఎన్‌తో కలిసి లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ పెట్టారు, 20 ఏళ్ళకి 30 కోట్ల డాలర్లు. ఒక్క కాలేజీకి సొంత ఛానలా అని ఏ అండ్ ఎం వాళ్ళకి ఒళ్ళు మండింది. 2012లో వాళ్ళు ఎస్‌ఈసీకి వెళ్ళిపోయారు. నేను చదువుకున్న రోజుల్లో ఆ మ్యాచే లేదు. సీనియర్లు చెప్తే వినడమే.

2024 జులై 1న మేమూ ఎస్‌ఈసీలో చేరాం. నవంబర్ 30న కాలేజ్ స్టేషన్‌లో కైల్ ఫీల్డ్‌లో మ్యాచ్, 17-7తో మేమే గెలిచాం. నాకు టికెట్ దొరకలేదు, ఇంట్లోనే చూశాను. మా మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. ఆయన రూల్స్ అడగలేదు. “ఈ రెండు ఊళ్ళకీ ఇంత పంతం ఎందుకు?” అని అడిగారు. చెప్పేసరికి హాఫ్‌టైమ్ అయింది. ఆ తర్వాత మా ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

స్టిల్‌వాటర్_పాతకాపు:
మీకు ఏ అండ్ ఎం తిరిగొచ్చింది తమ్ముడూ, మాకు ఓయూ పోయింది. ఎస్‌ఈసీకి వెళ్ళాలని టెక్సస్, ఓయూ 2021 జులైలో తీసుకున్న ఒకే నిర్ణయంతో రెండూ జరిగాయి.

లెక్కల_మనిషి:
యాడ్స్ రంగంలో పనిచేస్తాను కాబట్టి టీవీ వైపు నుంచి రాస్తున్నాను. కొంచెం పొడుగు అవుతుంది.

1984 దాకా ఏ మ్యాచ్ టీవీలో రావాలో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిర్ణయించేది. ఏ కాలేజీ అయినా రెండేళ్ళలో ఆరుసార్లకి మించి కనపడకూడదు. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్ళాయి. సుప్రీంకోర్టు 7-2తో ఆ పద్ధతి చట్టవిరుద్ధమని కొట్టేసింది. అప్పటినుంచి ఎవరి మ్యాచ్ హక్కులు వాళ్ళు అమ్ముకోవచ్చు. ఇప్పుడు చూస్తున్నవన్నీ అక్కడినుంచి మొదలైనవే. విభేదించిన ఇద్దరు జడ్జీల్లో ఒకరు బైరన్ వైట్. ఆయన స్వయంగా కొలరాడో యూనివర్సిటీలో ఆడి పేరు తెచ్చుకున్న ఫుట్‌బాలర్.

తర్వాత వచ్చింది కేబుల్ కాలం. 2007లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ సొంత ఛానల్ పెట్టింది. ఛానల్‌కి డబ్బు ఎన్ని ఇళ్ళలో కనెక్షన్ ఉందన్నదాన్ని బట్టి వస్తుంది, మ్యాచ్ ఎంతమంది చూశారన్నది రెండోమాట. పైగా కాన్ఫరెన్స్‌కి టీమ్ ఉన్న రాష్ట్రంలో ఇంటికి ఎక్కువ వసూలు చేయొచ్చు. 2014లో రట్గర్స్, మేరీల్యాండ్ యూనివర్సిటీలని తీసుకోవడానికి అసలు కారణం అదే. ఒకటి న్యూయార్క్ పక్కన, ఇంకొకటి వాషింగ్టన్ డీసీ పక్కన.

ఇప్పుడు జనం కేబుల్ తీసేస్తున్నారు. ఇళ్ళ లెక్క పోయి కళ్ళ లెక్క వచ్చింది. ఒక్క మ్యాచ్‌కి కోటిమందిని కూర్చోబెట్టగల టీమ్ ఎవరు? ఒహాయో స్టేట్, మిషిగన్ 2023లో తలపడితే ఫాక్స్‌లో 1.9 కోట్లమంది చూశారు. 2025 ఆగస్టు 30న టెక్సస్, ఒహాయో స్టేట్ మ్యాచ్‌కి 1.66 కోట్లు. సీజన్ మొదటివారం మ్యాచ్‌కి అంత ఎప్పుడూ రాలేదు. టెక్సస్ కావాలని ఎస్‌ఈసీ, లాస్ ఏంజెలెస్ కావాలని బిగ్ టెన్ పట్టుబట్టింది ఇందుకే. 2022 జూన్ 30న ఆ ఊరి యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వస్తున్నాయని ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో బిగ్ టెన్ ఏడేళ్ళ ఒప్పందం చేసుకుంది, 700 కోట్ల డాలర్ల పైమాటే.

ఎడిసన్_నాన్న:
రట్గర్స్ గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. మా వీధిలో ఇంటింటికీ ఆ ఛానల్ వచ్చేది, చూసేవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురో. అలాగని మాది చరిత్ర లేని టీమ్ కాదు. అమెరికాలో మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది మా న్యూ బ్రన్స్‌విక్‌లోనే, 1869లో. ప్రిన్స్‌టన్ మీద రట్గర్స్ 6-4తో గెలిచింది.

మాకు వచ్చింది పెద్ద టీమ్‌లతో ఆడే అవకాశం. దానికి నేను సంతోషిస్తాను. మా పెద్దాడు అక్కడే చదువుతున్నాడు. 2024 సెప్టెంబర్ 27న వాషింగ్టన్ టీమ్ దేశం ఆ చివర్నుంచి వచ్చింది. 21-18తో గెలిచాం. వాడు ఫోన్ చేస్తే గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది, సగం మాటలు వినపడలేదు.

నా బాధ ఆ మ్యాచ్ జరిగిన రోజు గురించి. అది శుక్రవారం రాత్రి. ఇక్కడ శుక్రవారం అంటే హైస్కూల్ మ్యాచ్‌ల రోజు. మా చిన్నాడు వాళ్ళ స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. టీవీకి శుక్రవారం స్లాట్ ఖాళీగా కనిపించింది, ఊరికి మాత్రం ఖాళీ కాదు. నేను బ్యాండ్‌కే వెళ్ళాను, స్టాండ్స్‌లో సగం మంది ఫోన్లలో రట్గర్స్ మ్యాచ్ చూస్తున్నారు.

పుల్‌మన్_కూగ్:
వదిలేయబడ్డ టీమ్ తరఫున నేను రాస్తాను. వాషింగ్టన్ స్టేట్. పైన చెప్పిన వాషింగ్టన్ వేరు, అది సీటెల్‌లో ఉంది.

పుల్‌మన్ చూడనివాళ్ళకి చెప్పాలంటే, చుట్టూ గోధుమ చేలు, గుట్టలు, మధ్యలో యూనివర్సిటీ. అంతే. సీటెల్ నుంచి ఐదు గంటలు కారులో. మ్యాచ్ ఉన్న శనివారం స్టేడియంలో ఉండే జనం దాదాపు ఊరి జనాభా అంత. ఈఎస్‌పీఎన్‌లో శనివారం పొద్దున వచ్చే కాలేజ్ గేమ్‌డేలో, వెనకాల జనంలో ఎర్ర జెండా ఒకటి ఊగుతుంటుంది గమనించారా? అది మాదే. ప్రోగ్రామ్ ఏ ఊళ్ళో జరిగినా 2003 నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా ఎవరో ఒక పాత విద్యార్థి పట్టుకుని నిలబడుతున్నారు. ఒకరు ఇంకొకరికి పార్సెల్‌లో పంపిస్తారు.

మా కాన్ఫరెన్స్ పాక్-12 ముక్కలైన రోజు, 2023 ఆగస్టు 4, నాకు తేదీతో సహా గుర్తు. ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఓరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. సాయంత్రానికి అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. కొలరాడో అంతకు వారం ముందే వెళ్ళిపోయింది. ఆపిల్ సంస్థ పాక్-12కి ఇస్తామన్న ప్రసార ఒప్పందం సబ్‌స్క్రిప్షన్లు పెరిగితేనే డబ్బు పెరిగే రకం, దాన్ని నమ్ముకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. 1915లో మొదలైన కాన్ఫరెన్స్‌లో చివరికి మిగిలింది మేమూ, ఓరెగన్ స్టేటూ.

సీటెల్_హస్కీ:
బ్రదర్, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఉన్న మాట చెప్పాలి కదా. మా వాషింగ్టన్ వెళ్ళకపోతే మేమూ మునిగేవాళ్ళం. మాకూ మొదట్లో టీవీ డబ్బులో పూర్తి వాటా ఇవ్వట్లేదు, అయినా వెళ్ళక తప్పలేదు. పుల్‌మన్ మ్యాచ్‌లు దేశంలో ఎక్కువమంది చూడరు. డబ్బు పెట్టేవాడు రేటింగే చూస్తాడు.

పుల్‌మన్_కూగ్:
రేటింగ్ ఏ టైమ్‌కి, ఏ ఛానల్లో వచ్చిందో కూడా చూడండి. మమ్మల్ని ఏళ్ళ తరబడి రాత్రి 7:30కి పెట్టారు. అప్పుడు న్యూయార్క్‌లో 10:30. సగం దేశం నిద్రపోయాక మొదలయ్యే మ్యాచ్‌ని ఎవరు చూస్తారు? ఇంకొన్ని మ్యాచ్‌లు పాక్-12 సొంత ఛానల్లో వచ్చేవి. మా ఇంట్లో ఉన్న డైరెక్‌టీవీ కనెక్షన్‌లో ఆ ఛానలే లేదు. సొంత టీమ్ మ్యాచ్ చూడాలని నేను స్నేహితుడి ఇంటికి వెళ్ళేవాణ్ణి. అలా పెట్టి, తర్వాత మీకు చూసేవాళ్ళు లేరంటే ఎలా?

లెక్కల_మనిషి:
ఇక్కడ నేను పుల్‌మన్ గారి వైపే. ఒకే టీమ్‌ని ఏబీసీలో మధ్యాహ్నం 3:30కి పెట్టి, ఇంకోవారం చిన్న కేబుల్ ఛానల్లో అర్ధరాత్రి దాకా నడిపిస్తే రెండు అంకెలకీ పోలికే ఉండదు. రేటింగ్‌లో అభిమానం ఎంతో స్లాట్ కూడా అంత ఉంటుంది. 2025 అక్టోబర్ 30 నుంచి నవంబర్ 14 దాకా డిస్నీ ఛానళ్ళు, కేబుల్ బదులు చాలామంది వాడే యూట్యూబ్ టీవీలో రాలేదు. అంటే ఈఎస్‌పీఎన్, ఏబీసీ రెండూ లేవు, రెండు శనివారాలు పోయాయి. ఆ రెండు వారాల అంకెలు చూసి ఏ టీమ్ విలువైనా తేల్చగలమా? దానికితోడు కొలిచే పద్ధతే మారుతోంది. బార్లలో, స్నేహితుల ఇళ్ళలో చూసేవాళ్ళని రేటింగులు లెక్కించే నీల్సన్ సంస్థ 2020 నుంచి కలుపుతోంది, 2025లో ఆ లెక్కని ఇంకా విస్తరించింది. అందుకే పాత రికార్డులతో కొత్తవాటిని పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

అసలు చిక్కు ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో వచ్చింది. అందులో ఉన్న ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ యూనివర్సిటీలు దాని మీదే కేసులు వేశాక 2025 మార్చిలో రాజీ కుదిరింది. దాని ప్రకారం టీవీ డబ్బులో 60 శాతం ఐదేళ్ళ సగటు వీక్షకుల్ని బట్టి పంచుతారు. ఎవరిని ఏ ఛానల్లో, ఏ టైమ్‌కి పెట్టాలో ఎంచేది ఈఎస్‌పీఎన్. తక్కెడ ఎవరి చేతిలో ఉందో తూకం రాళ్ళు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నట్టు. ఎవరూ మోసం చేయకపోయినా, ఇప్పటికే పెద్దగా ఉన్నవాడు మంచి స్లాట్ వల్ల ఇంకా పెద్దవాడవుతాడు. ఈ నిబంధన మీద మన గొంతు లేవకపోతే వచ్చే ఐదేళ్ళలో చిన్న టీమ్‌లు ఇంకా కిందికి పోతాయి.

సీటెల్_హస్కీ:
స్లాట్ మాట ఒప్పుకుంటాను. ఇప్పుడు మేమూ తూర్పు వైపు మ్యాచ్‌లకి ఉదయం తొమ్మిదింటికే లేచి టీవీ పెడుతున్నాం.

బే_ఏరియా_అమ్మ:
ఫుట్‌బాల్ గురించి ఇంతమంది రాశారు, మిగతా ఆటల పిల్లల సంగతి నేను చెప్తాను. మా అమ్మాయి ఇక్కడి ఒక కాలేజీలో టెన్నిస్ ఆడుతుంది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలోని కాల్, డాలస్‌లోని ఎస్‌ఎంయూ 2024లో ఏసీసీలో చేరాయి కదా. అట్లాంటిక్ పేరు పెట్టుకున్న కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ ఒడ్డు కాలేజీలు. ఫుట్‌బాల్ టీమ్ ఏడాదికి కొద్దిసార్లు అటు వెళ్తుంది, చార్టర్ విమానంలో. చిన్న ఆటల పిల్లలు మామూలు విమానాల్లో, మధ్యలో ఒకచోట మారి, నార్త్ కరోలినా చేరేసరికి రాత్రి అవుతుంది. వెళ్ళినవారం ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ తప్పుతుంది. ఆ ల్యాబ్ మళ్ళీ పెట్టమని ప్రొఫెసర్‌ని అడగడానికి మా పిల్ల పడే ఇబ్బంది నాకు ఫోన్లో వినిపిస్తుంది. టెన్నిస్‌కి ఏ టీవీ డబ్బూ రాదు. ఫుట్‌బాల్‌కి ఏ కాన్ఫరెన్స్ కావాలంటే అది తీసుకోండి, మిగతా ఆటల్ని దగ్గరి కాలేజీలతో ఆడనివ్వండి. ఇదేమీ అసాధ్యమైన కోరిక కాదు.

స్టిల్‌వాటర్_పాతకాపు:
అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు సరైన మాట. ఇక్కడ డాలస్‌లో ఎస్‌ఎంయూ వాళ్ళు ఏసీసీలో చేరడానికి తొమ్మిదేళ్ళు టీవీ వాటా అక్కర్లేదన్నారు. దాతలున్నారు కాబట్టి నెట్టుకొస్తారు. చేరిన మొదటి ఏడాదే ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్ళారు కూడా. అందరికీ ఆ స్తోమత ఉండదు.

కొలంబస్_టు_కూకట్‌పల్లి:
నేను ఒహాయో స్టేట్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. అక్కడున్నప్పుడు ఫాక్స్ వాళ్ళు మా మ్యాచ్‌లన్నీ మధ్యాహ్నం 12కి పెడుతున్నారని అభిమానులు మండిపడేవాళ్ళు, స్టేడియం బయట మ్యాచ్‌కి ముందు చేసుకునే టెయిల్‌గేట్ విందుకి టైమ్ చాలదని. ఇక్కడికి వచ్చాక అదే నాకు వరమైంది. సెప్టెంబర్‌లో రాత్రి 9:30, మిషిగన్ మ్యాచ్ నాటికి గడియారాలు మారతాయి కాబట్టి 10:30. అన్నం తిని కూర్చోవచ్చు. అదే రాత్రి మ్యాచ్ అయితే మనకి తెల్లవారుజామున ఐదింటికి. ఎక్కడెక్కడి టీమ్‌లు వచ్చి చేరినా మిషిగన్ మ్యాచ్‌ని మాత్రం ఎవరూ కదపలేదు. బెడ్లం గురించి చదివాక ఆ విలువ తెలుస్తోంది.

ఆస్టిన్_హార్న్:
పుల్‌మన్ గారూ, మీకూ వాషింగ్టన్‌కీ మధ్య ఆపిల్ కప్ ఇంకా జరుగుతోందా? అది కూడా ఆగిందనుకున్నాను.

పుల్‌మన్_కూగ్:
జరుగుతోంది తమ్ముడూ, 2028 దాకా ఒప్పందం ఉంది. కాకపోతే నవంబర్ చివరి నుంచి సెప్టెంబర్‌కి మారింది. మంచులో చూడాల్సిన మ్యాచ్‌ని ఎండలో చూస్తున్నాం. 2024లో సీటెల్‌లో 24-19తో మేమే గెలిచాం, 2025లో మా ఊళ్ళోనే 59-24తో ఓడిపోయాం. 2026 జులై నుంచి పాక్-12 మళ్ళీ నిండుతోంది. బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్‌డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ చేరుతున్నాయి. మ్యాచ్‌లు సీబీఎస్, సీడబ్ల్యూ, యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో వస్తాయి. బోయిసీ మాకు కారులో వెళ్ళొచ్చే దూరం. సీజన్ టికెట్లు తీసుకుంటున్నాను. అటువైపు ఎవరైనా తెలుగువాళ్ళు ఉంటే ఇక్కడే రాయండి, కలిసి వెళ్దాం.