48 సీసీ తీసి 66 సీసీ పెడుతున్నా, వెనక చక్రం స్పోకులు తట్టుకుంటాయా?

చైనుగార్డు:
ఫ్రేము మధ్యలో బిగించే టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజిను కిట్టు, 26 అంగుళాల సైకిలు. పాత 48 సీసీ ఇంజినుకు కంప్రెషన్ పోయింది. అదే తరహా 66 సీసీ తెచ్చాను, పెట్టె మీద 80 అని ఉంది. వెనక చక్రం 36 స్పోకులు, 14 గేజి, కోస్టర్ బ్రేకు (పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు) హబ్బు. 44 పళ్ల స్ప్రాకెట్టును కిట్టులో వచ్చిన రబ్బరు బిళ్లలతో స్పోకులకే బిగించి ఉంది. ఇప్పటికి మూడు స్పోకులు పోయాయి. మూడూ స్ప్రాకెట్టు పక్కవే, మూడూ హబ్బు దగ్గర వంపులోనే తెగాయి. పాత మౌంటులోనే కొత్త ఇంజిను కూర్చుంటుందా? ఈ చక్రం దాని లాగుడుకు ఆగుతుందా, లేక ఇంకా లావైన 12 గేజి స్పోకులు వేయించాలా?

వంకర రిమ్ము:
మొదట వెనక చక్రం సంగతి చూడండి, ఇంజిను పెట్టెలోనే ఉండనివ్వండి. స్పోకు ఉన్నది ఈ చివర నుంచి ఆ చివరకు లాగుడు మోయడానికి. రబ్బరు బిళ్లల పద్ధతిలో ఇంజిను బలం హబ్బుకు కాకుండా స్పోకుకు అడ్డంగా పడుతుంది. దాంతో చక్రం తిరిగిన ప్రతిసారీ వంపు దగ్గర స్పోకు కొద్దికొద్దిగా అటూ ఇటూ వంగుతుంది. తీగను వంచి వంచి తుంచినట్టే. బిగువు తక్కువైన చక్రంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. స్పోకు ఎక్కువ బిగించడం వల్ల తెగిందని చాలామంది అనుకుంటారు కానీ, వంపులో తెగిందంటే చాలావరకు వదులే కారణం.

ఒకే పక్క మూడు పోయాయంటే మిగతా పదిహేను కూడా అలసిపోయి ఉన్నట్టే. తెగినవాటిని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం దండగ. ఆ పక్క 18 మార్చేయండి. తర్వాత నిపుల్‌ను (రిమ్ము దగ్గర స్పోకును బిగించే చిన్న నట్టు) పావు చుట్టు చొప్పున తిప్పుతూ బెండు తీయాలి, పక్కకు ఊగు అర మిల్లీమీటరు దాటకూడదు. ఒక పక్క స్పోకులన్నీ వేలితో మీటితే దాదాపు ఒకే స్వరం పలకాలి. బెండు తీశాక పక్కపక్కనే సమాంతరంగా ఉన్న జంటలను రెండు చేతులతో గట్టిగా నొక్కండి, టిక్కుటిక్కుమని సర్దుకుంటాయి. మళ్లీ ఒకసారి బెండు చూడండి. ఈ నొక్కుడు మానేస్తే మొదటి 50 కిలోమీటర్లలోనే చక్రం వదులవుతుంది.

రబ్బరు బిళ్లలే ఉంచేట్టయితే తొమ్మిది బోల్టులనూ ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున బిగించాలి. రబ్బరు అంచు కొంచెం ఉబ్బగానే ఆపండి. ఇంకా బిగిస్తే స్పోకులు వంకరపోయి, తీసిన బెండు మళ్లీ వస్తుంది. ఫ్రేముకు ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొనను స్ప్రాకెట్టు దగ్గరకు తెచ్చి చక్రం తిప్పండి. పక్కకైనా, పైకీ కిందికైనా మిల్లీమీటరు దాటితే మళ్లీ సర్దాల్సిందే. పైకీ కిందికీ ఊగితే చైను ఒకచోట బిగిసి, ఇంకోచోట వేలాడుతుంది.

పానా పదమూడు:
ఇంజిను సంగతి. ఈ తరహా ఇంజిన్ల కింది డబ్బా చాలావరకు ఒకటే కాబట్టి పాత మౌంటులో కూర్చోవాలి. తేడా పైన వస్తుంది. సిలిండరు లావు, హెడ్డు ఎత్తు. ప్లగ్గుకూ పై పైపుకూ మధ్య టోపీ పట్టే జాగా ఉందో, కార్బొరేటర్ సీటు పైపుకు తగులుతుందో ముందే కొలవండి. ఇన్‌టేక్ స్టడ్ల మధ్య దూరం 32 మి.మీ. ఉన్న ఇంజిన్లూ ఉన్నాయి, 40 ఉన్నవీ ఉన్నాయి. పాత మానిఫోల్డు (కార్బొరేటరును సిలిండరుకు కలిపే గొట్టం) కలవకపోతే సాగదీసి ఎక్కించే ప్రయత్నం వద్దు, కొత్తది వేయండి. అక్కడ గాలి లీకైతే మిశ్రమంలో పెట్రోలు తగ్గి పిస్టన్ జామవుతుంది.

పెట్టె మీద 80 ఉన్నా, బోరు 47, స్ట్రోకు 38 మి.మీ. అయితే లెక్క 66 సీసీయే వస్తుంది. ఆ 80ని నమ్మి కార్బొరేటర్ జెట్టు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) మార్చకండి.

మౌంటు కింద రబ్బరు ముక్కలు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. అదురు తగ్గదు, ఇంజిను ఊగి స్టడ్లు తెగుతాయి. ఇనుముకు ఇనుము ఆనాలి, బోల్టు మరలకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (వదులవకుండా పట్టే జిగురు) వేయాలి. పైపు మౌంటు కంటే సన్నమైతే అల్యూమినియం రేకు చుట్టి నింపండి. హెడ్డు నట్లు ఎదురెదురుగా మూడు దఫాలుగా బిగించండి. 8 మి.మీ. స్టడ్లకు 16 న్యూటన్ మీటర్లు చాలు, 6 మి.మీ.కు 9 లోపే. మొదటిసారి వేడెక్కి చల్లారాక ఇంకోసారి చూడాలి.

వైర్లు: నీలానికి నీలం, నలుపుకు నలుపు. మ్యాగ్నెటో (ఇంజినులో నిప్పురవ్వకు కరెంటు పుట్టించే కాయిల్) నుంచి వచ్చే తెల్ల వైరు కొసకు టేపు చుట్టి వదిలేయండి, దాని మీద లైటు వేస్తే నిప్పురవ్వ బలహీనపడుతుంది. ప్లగ్గు గ్యాపు 0.6 మి.మీ. మొదటి ట్యాంకులకు లీటరు పెట్రోలులో 60 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు, తర్వాత మంచి ఆయిలైతే 40. అప్పటిదాకా ఫుల్ థ్రాటిల్ వద్దు.

చైనుగార్డు:
ఇద్దరికీ ధన్యవాదాలు. జాగా కొలిచాను, ప్లగ్గు టోపీ పడుతోంది. ఇన్‌టేక్ మాత్రం 40, కొత్త మానిఫోల్డు తీసుకుంటా. అయితే స్పోకులు 18 మార్చేటప్పుడు 12 గేజికే పోతే పోలా?

వంకర రిమ్ము:
లావు స్పోకు వేస్తే గట్టి చక్రం అనేది సగమే నిజం. 14 గేజి 2 మి.మీ., 12 గేజి 2.6. లావుది తక్కువ సాగుతుంది కాబట్టి, అదే బిగువులో ఉన్నా రిమ్ము కాస్త నొక్కుకోగానే సన్నదానికంటే ముందే వదులైపోతుంది. దాన్ని సరైన బిగువుకు తెస్తే ఒక్క గోడ రిమ్ము నిపుల్ రంధ్రం దగ్గర పగులుతుంది. పైగా హబ్బు రంధ్రాలు పెంచాలి, నిపుళ్లూ మారతాయి. రెండు గోడల రిమ్ము వేస్తుంటే 13 గేజి, లేకపోతే మంచి 14 గేజినే సరైన బిగువులో కట్టండి.

ఆ డబ్బు హబ్బు మీద బిగించే రెండు ముక్కల అడాప్టరుకు పెట్టండి. స్ప్రాకెట్టు దానికి బిగుస్తుంది, లాగుడు హబ్బుకు వెళ్తుంది, స్పోకులను ముట్టుకోదు. కోస్టర్ హబ్బు అడాప్టరుకు చెప్పే 38 మి.మీ. కొలతను చుట్టుకొలత అనుకునేరు, అది హబ్బు వ్యాసం. అయినా మీ హబ్బును వెర్నియర్‌తో కొలిచే కొనండి. హబ్బు మధ్య భాగం ఒకే లావుగా లేకుండా వాలుగా ఉంటే ఇది పట్టదు. బిగించాక రెండు ముక్కల మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి.

ఎడమ పక్క బ్రేకు చెయ్యి స్ప్రాకెట్టు బోల్టులకు రాసుకుంటుంది. దాన్ని విప్పి బయటికి కొద్దిగా వంచాలి. ఆ చెయ్యి ఎడమ కోను (బేరింగు బిగువు సర్దే నట్టు) మీదే కూర్చుంటుంది కనుక, తిరిగి వేశాక కోను సర్దకుండా వదలకండి. రిమ్ము పట్టుకుని పక్కకు ఊపితే టకటకలాడకూడదు, వేలితో తిప్పితే గరగరలాడకూడదు.

నూనె డబ్బా:
స్పోకుల గురించి ఇంత చెప్పుకుని, చైను బిగించే చిన్న చక్రాన్ని మర్చిపోయారు. కిట్టుల్లో చక్రాలను ఎక్కువ పాడుచేసేది అదే. ఎడమ కింది పైపుకు బిగించిన ఆ చిన్న చక్రం, అంటే ఐడ్లరు, వదులైతే చైను లాగుడుకు గుండ్రంగా తిరిగి స్పోకుల్లోకి దూరుతుంది. వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఆ పైపు కోలగా ఉంటే క్లాంపు ఎంత బిగించినా నిలవదు. బ్రాకెట్టును పైపు ఆకారానికి ఆకురాయితో సరిచేసి, అవసరమైతే వెల్డింగు వేయించండి. వీలైతే చైనును ఒక అర లింకు సాయంతో సరిగ్గా కోసి, ఐడ్లరు పని తగ్గించండి. ముందు యాక్సిలుతో పెడలు చైను బిగువు సర్దాలి, తర్వాతే ఇంజిను చైను. చైను వదులు 12 నుంచి 15 మి.మీ. ఉండాలి.

ఇంజినుది 415 చైను. మామూలు సైకిలు చైను ఈ స్ప్రాకెట్టు మీద కూర్చోదు, దాని లోపలి వెడల్పు తక్కువ. లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైను నడిచే దిశగా ఉండాలి.

ఇంజిను చైను యాక్సిలు ఎడమ కొసను ముందుకు లాగుతుంది, టైరు కుడి పైపుకు రాసుకుంటుంది. ఎడమ పక్క చైను టగ్గు (యాక్సిలును ముందుకు జరగకుండా పట్టి ఉంచే బిగింపు) వేయండి. ఇంకోటి, 66 సీసీ అనగానే స్ప్రాకెట్టు 36 పళ్లకు మార్చొద్దు. ఇంజిను లోపల గేరు నిష్పత్తి 4.1, బయట 10 పళ్లకు 44 పళ్లు, మొత్తం 18.04. 5000 ఆర్‌పీఎం దగ్గర 34 కి.మీ. వేగం. 36 పళ్లకు అదే ఆర్‌పీఎంలో 42. కోస్టర్ బ్రేకు ఒక్కటే ఉన్న బండికి, ముందు బ్రేకు లేనిదే, ఆ 34 కూడా ఎక్కువే.