డిలన్ ముసలి కాలం ఆల్బమ్స్ ఎక్కడ మొదలుపెట్టాల? గొంతేంది అట్ట అయిపోయింది?

పెన్నాగట్టు_కుర్రోడు:
అన్నలూ, మాది నెల్లూరు, ఇంట్లో అంతా బాలు గారే, మా నాయన లెక్కలో ఆయన తప్ప ఇంకెవురు పాడినా అది పాట కిందికి రాదు. నాకు ఇంగ్లీషు పాటల్తో పెద్ద పరిచయం లేదు. ఈమధ్య అమెరికా పాటగాడు బాబ్ డిలన్ కుర్ర వయసు మీద తీసిన సినిమా చూసి, అది 1965తో ఆగిపోతది గదా, ఆ కాలం ఆల్బమ్స్ అన్నీ వరసబెట్టి విన్నా, పిచ్చెక్కిపోయింది. సరే ఇప్పుడు ఏం చేస్తుండాడా పెద్దాయన అని యూట్యూబ్‌లో స్టేజీ వీడియో ఒకటి పెడితే అసలు ఏం పాటో అర్థం కాలా. మూడో చరణం కాడ గానీ తెలీలా, నేను పది రోజుల్నుంచి బండి మీద పాడుకుంటా తిరగతుండే పాటేనని! ట్యూన్ వేరే, స్పీడ్ వేరే, గొంతు చూస్తే కంకర లారీ తిరగబోసినట్టు ఉండాది. గిటారు కూడా లేదు, పియానో ముందు కూర్చోనుండాడు.

1941లో పుట్టినాయన, ఇప్పుడు కూడా ఊరూరా తిరిగి పాడాల్సిన అవసరం ఏంది? ఈ తర్వాతి కాలం ఆల్బమ్స్ నిజంగానే బాగుంటాయా, పేరుని బట్టి పొగడతారా? ఆయనకి సాహిత్యం నోబెల్ ఇచ్చిన సంగతి కూడా ఎవురన్నా చెప్పండి.

ఒంగోలు_గిత్త:
తమ్ముడూ నువ్వు 1965 నుంచి ఒక్క దూకులో ఇప్పటికి వచ్చేశావు, మధ్యలో ఉండేదంతా వదిలేసి, అందుకే అదిరిపడ్డావు. 80ల్లో ఆయన పని నిజంగానే అయిపోయింది, ఇది నా మాట కూడా కాదు, 2004లో రాసుకున్న ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు, 1987 టైమ్‌కి తన పాటలు తనకే పరాయివి అయిపోయినాయని. 1988 జూన్‌లో చిన్న బ్యాండ్‌తో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన తిరుగుడే ఇప్పటికీ నడస్తా ఉంది, కరోనాకి తప్ప పెద్దగా ఆగింది లేదు, 2019కే 3000 షోలు దాటినాయి. 1992లో ఒకటి, 93లో ఒకటి, సొంత పాట ఒక్కటి కూడా లేకుండా ఎప్పటివో పాత జానపదాలూ, బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ళ పాటలూ ఒక్కడే గిటారు పట్టుకుని పాడిన ఆల్బమ్స్ రెండు వచ్చినాయి. అప్పుడు అందరూ ఇంక రాయలేడులే అనుకున్నారు.

నువ్వు మొదలుపెట్టాల్సింది 1997లో వచ్చిన టైమ్ ఔట్ ఆఫ్ మైండ్. ఏడేళ్ళ తర్వాత సొంత పాటలు. అందులో నాట్ డార్క్ యెట్ అని ఒక పాట ఉంటది, రాత్రి కరెంటు పోయినప్పుడు మేడ మీద పడుకుని విను, ఇంతకంటే చెప్పను. ఆ ఏడాది మే నెలలో గుండె చుట్టూ ఉండే పొరకి ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు, ఆల్బమ్ సెప్టెంబర్‌లో వచ్చింది, దాంతో జనం చావు దాకా పోయొచ్చి రాశాడు అనుకుంటారు. అట్ట అనుకోబాక, మయామీలో రికార్డింగ్ జనవరిలోనే జరిగింది, అంటే ఆ పాటల్లో ఉండే చీకటి జబ్బు కంటే ముందే ఉంది. 98లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ, అదే అమెరికా సంగీతం అవార్డు, దానికే. తర్వాత 2001లో లవ్ అండ్ థెఫ్ట్, సరిగ్గా సెప్టెంబర్ 11న వచ్చింది పాపం, అయినా నవ్వులాటగా ఉంటది, వరసలో వినాల్సింది అదే. 2006ది మోడర్న్ టైమ్స్ అమెరికాలో నంబర్ వన్‌కి పోయింది, 1976 తర్వాత మళ్ళీ అప్పుడే, వయసు 65.

హార్మణీ_మనవడు:
ట్యూన్ మార్చేశాడని బాధపడే వాళ్ళకి ఒకటి చెప్తా. మాది దర్శి పక్కన, మా తాత నాటకాలకి హార్మణీ వాయించేవాడు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న పిల్లోడికి కూడా నోటికొచ్చు, అయినా తెల్లారిందాకా చలిలో దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్ళు, ఎందుకు, ఈ రోజు ఈయన ఎట్టా ఎత్తుకుంటాడా అని. నిన్న పాడినట్టే ఈరోజు పాడితే వన్స్ మోర్ పడదు. ఒకాయన బాగా ముసలాడయి పై శృతి అందక రాగం సగానికి తుంచేసి పద్యాన్ని దాదాపు మాట్లాడినట్టు చెప్పేవాడంట, అప్పుడే జనం ఎక్కువ ఏడ్చేవాళ్ళని తాత అనేవాడు. డిలన్ స్టేజీ మీద చేసేది నాకైతే అదే. మనం సినిమా పాటకి అలవాటు పడి రికార్డులో ఉన్నదే అసలు పాట అనుకుంటాం, ఆయన లెక్కలో రికార్డు ఆ పాట ఒక రోజు దిగిన ఫోటో, అంతే.

ఉలవపాడు_సపోటా:
ఆపండి సామీ, నాటకం అంట. 2015 నుంచి 2017 లోపల ఫ్రాంక్ సినాత్రా లాంటి పాతకాలం అమెరికా గాయకులు పాడిన పాటలే మళ్ళీ పాడి మూడు ఆల్బమ్స్, డిస్కులు లెక్కపెడితే ఐదు, జనం నెత్తిన పెట్టాడు. అవి ఎవురన్నా రెండోసారి విన్నారా, చేతులెత్తండి? 2020లో 600 పైచిలుకు పాటల హక్కులు యూనివర్సల్‌కి అమ్మేశాడు. ఎదిరించే పాటలు రాసినాయన పాటలన్నీ కంపెనీకి రాసిచ్చినాక ఇంకేం లెగసీ.

ఒంగోలు_గిత్త:
హక్కులు అమ్మడం ఆయన ఇష్టం అబ్బయా, 79 ఏళ్ళప్పుడు పొలం అమ్మి పిల్లలకి పంచితే ఎవురన్నా అడగతారా. సినాత్రా పాటలు మాత్రం నేను రెండోసారి విన్నా, చెయ్యెత్తతున్నా 😄 మూడు డిస్కులది ఎక్కువైంది, ఒప్పుకుంటా. కానీ 2012 ఆల్బమ్ విని వెంటనే 2020ది విను, గొంతు ఎంత తేరుకుందో తెలస్తది. ఆ నెమ్మది పాటలు పాడే క్రమంలోనే అరవడం మానేసి మాట మాట విడగొట్టి చెప్పడం మళ్ళీ పట్టుకున్నాడని నా నమ్మకం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడిన రోజుల్లో అమెరికా ప్రెసిడెంటు కెనడీ హత్య మీద దాదాపు 17 నిమిషాల పాట, మర్డర్ మోస్ట్ ఫౌల్, చెప్పాపెట్టకుండా వదిలాడు. 17 నిమిషాలు! చివరికి అది పాటల పేర్ల జాబితా అయిపోతది, రేడియోలో ఫలానాది వెయ్యి ఫలానాది వెయ్యి అని అడగతా పోతాడు. ఆయన పేరు మీద బిల్‌బోర్డ్ అనే అమెరికా పాటల ర్యాంకుల చార్ట్ ఒకదాంట్లో మొదటి నంబర్ వన్ పాట అదే, 60ల్లో అంత పేరుండి కూడా రానిది.

కావలి_టీచరమ్మ:
నోబెల్ గురించి అడిగావు కదా బాబూ. 2016 అక్టోబర్‌లో ప్రకటిస్తే రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. డిసెంబర్‌లో తీసుకోవడానికి కూడా పోలేదు, ప్యాటీ స్మిత్ అనే గాయని వెళ్ళి ఆయన పాట పాడింది, మధ్యలో మాట మర్చిపోయి ఆగి, కంగారుగా ఉందండీ క్షమించండి అని మళ్ళీ ఎత్తుకుంది. నాకు ఆ వీడియో అంటే ప్రాణం, క్లాసులో పిల్లలకి కూడా చూపించా. పతకం 2017 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో కచేరీకి పోయినప్పుడు తీసుకున్నాడు.

పాటలు రాసేవాడికి సాహిత్యం బహుమతా అని అప్పుడు అక్కడ పెద్ద గొడవ. మనకి ఆ గొడవ వింతగా ఉంటుంది. 1913లో టాగూర్‌కి ఇచ్చినప్పుడు ఆయన పాటలు కట్టినవాడు కాదా? సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ గారిని మన నెల్లూరు జిల్లా వాళ్ళెవరూ కవి అవునా కాదా అని అడగరు. అయితే సపోటా గారి మాటలో కొంత న్యాయం ఉంది, ఆయన పేరు మీద వచ్చినవన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఉలవపాడు_సపోటా:
టీచరమ్మా థాంక్స్, మొదటిసారి ఈ గ్రూపులో నా వైపు ఒకరు మాట్లాడినారు.

పెన్నాగట్టు_కుర్రోడు:
గిత్తన్నా, మేడ మీద విన్నా. కరెంటు పోలా గానీ నేనే లైట్లు ఆపేసుకున్నా. పాట సగంలో మా నాయన పైకొచ్చి ఎవుర్రా ఆ ముసలాయన, జలుబు చేసినట్టుంది అన్నాడు. అన్నాడే గానీ కిందికి పోలా, పిట్టగోడ మీద కూర్చుని అయిపోయిందాకా ఉండి, ఇంకోటి ఏదన్నా ఉంటే పెట్టు అన్నాడు. ఆ 17 నిమిషాలది పెడితే కూర్చుంటాడంటారా, లేక 2001ది ముందు పెట్టాల్నా?