చిన్నప్పటి పెరటి జ్ఞాపకాలతో పిల్లల పుస్తకం రాయాలంటే ఎలా?

ప్రశ్న: పొట్లపాదు

మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లె. ఇప్పుడు ఉద్యోగం వల్ల విశాఖలో ఉంటున్నాను. మా ఇంటి వెనక పెద్ద పెరడు ఉండేది. నుయ్యి, నూతి పక్కన అరటి పిలకలు, ఆనప పందిరి, బీరపాదు, దడి మీదికి పాకిన చిక్కుడు, ఓ మూల గత్తం (పేడ ఎరువు) కుప్ప. ఇంట్లో అందరికీ అక్కడ ఏదో ఒక పని. తాతయ్య గొప్పు తవ్వేవారు, నాన్న నీళ్ళు తోడేవారు, అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా పాదుల్లో పోసేది. విత్తనాలు మాత్రం మామ్మ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, ముదిరిన బీరకాయలు దూలానికి వేలాడదీసేది, గుమ్మడి గింజలు బూడిదలో దొర్లించి ఆరబెట్టి కుండలో దాచేది. నాకూ మా తమ్ముడికీ పొట్లపిందెలకు రాళ్ళు కట్టే పని. కాయ వంకర తిరగకుండా తిన్నగా సాగాలని పిందె చివర దారంతో చిన్న రాయి కడతారు కదా, ఏ రాయి ఎవరి పిందెకి అని రోజూ తగువే. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం ఎవరు చేస్తారన్నది ఇంకో తగువు.

ఇవన్నీ ఆరేడేళ్ళ పిల్లల కోసం బొమ్మల పుస్తకాలుగా తేవాలని చాలా ఉంది, రాస్తున్నాను కూడా. కానీ తిరిగి చదువుకుంటే పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని "ఆ రోజులే వేరు" అని చెప్పుకునే కబుర్లలా ఉంటోంది. మా పాప సగంలోనే లేచి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. పిల్లలకి పనికొచ్చేలా దీన్ని ఎలా మార్చాలి? మామ్మ మాటలు మన యాసలోనే ఉంచితే వేరే జిల్లాల పిల్లలకి అర్థమవుతాయా? నాకు బొమ్మలు వేయడం రాదు, ముందు ఆర్టిస్టుని వెతుక్కోవాలా?

జవాబు: బడిలో పంతులమ్మ

నేను విజయనగరం జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మీరు రాసిన దాంట్లో నన్ను వెంటనే పట్టుకున్నది ఆ రాళ్ళ తగువు. మిగతాదంతా పెరడు ఎలా ఉండేదో చెబుతోంది, ఆ తగువులో మాత్రం ఒక పిల్లకి ఏదో కావాలి, అది దొరుకుతుందో లేదో తెలియదు. తన పొట్లకాయే అందరికన్నా పొడుగ్గా సాగాలి, అంతే. ఆ ఒక్కటీ పట్టుకుని రాయండి. తాతయ్య, నుయ్యి, గత్తం కుప్ప అన్నీ బొమ్మల్లో వెనక ఉంటాయి, వాటి గురించి ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు. రథానిది వేరే పుస్తకం, దాన్ని ఇందులో కలపొద్దు.

మా బడి ఆవరణలో గుమ్మడి పాదు వేశాం. పువ్వులు విరగబూస్తున్నాయి, పిందెలేమో పసుపురంగు తిరిగి రాలిపోతున్నాయి. పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను, ఆడపువ్వు కింద గోళీకాయంత పిందె ముందే ఉంటుంది, మగపువ్వుకి వట్టి కాడే. మగపువ్వు కోసి రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది కాబట్టి ఆ పని పొద్దున్నే అవ్వాలి. ఆ పిందె నిలిచి పెరగడం మొదలెట్టాక పిల్లలు బడి గంట కన్నా ముందే వచ్చి దాన్ని చూసుకునేవారు, వాళ్ళలో కొందరికి అప్పటిదాకా బడికి రావాలంటేనే బెంగ. అందుకే చెబుతున్నాను, "మామ్మకి పెరడంటే ప్రాణం" అని రాస్తే పిల్లలకి ఏమీ అందదు. మామ్మ వేళ్ళకి అంటిన పసుపు పొడి చూపిస్తే అందుతుంది.

ఇంకో ఆలోచన కూడా ఉంది. గుమ్మడి తెల్లవారుతూనే పూస్తుంది, బీర పొద్దు వాలేటప్పుడు, ఆనప చీకటి పడే వేళకి తెల్లగా. ఒక్క రోజులో, పొద్దున్నుంచి రాత్రి దాకా, ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో చూస్తూ తిరిగే పిల్ల కథ రాయొచ్చు. ఇది మీరే రాయండి, మీ పెరట్లో ఇవన్నీ ఉన్నాయి కదా.

జవాబు: పేజీల లెక్క

పిల్లల పుస్తకాలకు ఎడిటింగ్ చేస్తుంటాను, కాబట్టి పని సంగతులు చెబుతాను. ఆర్టిస్టుని మీరు వెతుక్కోనక్కర్లేదు. ప్రచురణకర్త కథ తీసుకుంటే బొమ్మలు సాధారణంగా వాళ్ళే వేయిస్తారు. మీరు పంపాల్సింది మాటలు, దాంతో పాటు ఏ పేజీలో ఏం కనిపించాలో ఒక్కో లైను. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో వస్తాయి, ప్రింటింగ్‌లో ఒక పెద్ద కాగితాన్ని మడిచి కోస్తారు కాబట్టి ఆ లెక్క. ఒక నోటుబుక్కులో పేజీలు గీసుకుని కథని ముక్కలు చేసి చూడండి, పేజీ తిప్పాలనిపించని చోటు అక్కడే తెలిసిపోతుంది. ఆరేడేళ్ళ వాళ్ళకైతే రెండు మూడు వందల మాటలు చాలు. బొమ్మలో కనిపించేది మళ్ళీ మాటల్లో చెప్పకండి.

తెలుగులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళలో మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తూలిక ఉన్నాయి. పంపేముందు ఎవరు ఎలాంటివి వేస్తున్నారో కొని చదవండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మీ కథ మీరే పెట్టుకోవచ్చు, కానీ అక్కడివి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, అంటే మీ పేరు చెప్పి ఎవరైనా అనువాదం చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అది ఇష్టమైతేనే పెట్టండి. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) మన దేశంలో ఉచితమే, డబ్బులిస్తే ఇప్పిస్తామనే వాళ్ళ మాట నమ్మకండి.

ఇంట్లో పాత ఫొటోలుంటే దాచి ఉంచండి. మన పక్క దడి ఎలా కడతారో, పందిరి ఎంత ఎత్తుంటుందో చూడని ఆర్టిస్టు ఎక్కడిదో తోట వేసి పంపిస్తారు.

జవాబు: ఉద్దానం నుంచి

అక్కా, యాస ఉంచండి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది, మన మామ్మ పుస్తకంలో ఇంకెవరి మాటో ఎందుకు మాట్లాడాలి? కథ చెప్పే వాక్యాలు అందరికీ తెలిసిన తెలుగులో ఉండి, మామ్మ మాట మాత్రం మనదిగా ఉంటే "బేగి రా" (త్వరగా రా) అన్నది అనంతపురం పిల్లకైనా బొమ్మ చూసి తెలుస్తుంది. శ్రీకాకుళంలో కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది కదా, ఊరు వచ్చినప్పుడు ఒక పూట అక్కడ కూర్చోండి. మన ప్రాంతం వాళ్ళు సంభాషణల్లో యాసని ఎంతవరకు వాడారో చూస్తే ధైర్యం వస్తుంది.

నాదొక మాట. పెరడంటే అంతా పచ్చగా, అందరూ నవ్వుతూ ఉన్నట్టే రాయకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పలాస వైపే తీరం దాటింది. తెల్లారేసరికి మా కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలమీద ఉన్నాయి. మా అన్నయ్య కూతురు అప్పుడు చిన్నది, పడిపోయిన తన పనసచెట్టు దగ్గరికెళ్ళి "ఇది మళ్ళీ లేస్తాదా?" అని అందర్నీ అడిగింది. ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, మా పిల్లలకి అది తెలుసు. అలాంటి పిల్లలు చదువుకోడానికి కూడా ఒక పుస్తకం కావాలి, చివర్లో అన్నీ బాగైపోయాయని చెప్పకుండా.

పొట్లపాదు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. తుపాను మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అది మీరే రాయాలి తమ్ముడూ, ఆ పాప అడిగిన మాటతోనే మొదలుపెట్టండి. రాళ్ళ తగువు ఒక్కటే తీసుకుని నేను మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి పేజీలు ఇవి:

నాది పెద్ద రాయి.
తమ్ముడిది చిన్న రాయి.
నా పొట్లకాయే ముందు నేలకి తగులుతుంది.
"ఓలమ్మీ, అంత రాయి కడితే పిందె తెగిపోతాది," అంది మామ్మ.
నేను వినలేదు.
మధ్యాహ్నం ఎండలో, విచ్చుకున్న పొట్లపువ్వు కింద కాపలా కూర్చున్నాను.

తర్వాత పిందె తెగిపోతుంది. ఇంకో పిందె వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడాన్ని ఎన్ని పేజీల్లో చూపించాలన్నదే తేలడం లేదు.

బడిలో పంతులమ్మ

ఇది పిల్లలు వింటారు. రేపు మా రెండో తరగతికి చదివి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ పక్కచూపులు చూశారో రాస్తాను. ఆగే పేజీల్లో మాటలు తగ్గించండి, పిల్ల రోజూ వచ్చి చూసి వెళ్ళడం బొమ్మల్లోనే తెలుస్తుంది. ఒక్కటి మార్చాలి. పొట్లపువ్వు మధ్యాహ్నం ఎండలో విచ్చుకోదు, పొద్దుపోయాక విచ్చుకుంటుంది, రేకుల అంచుల్లో తెల్లటి దారాలు వేలాడుతూ. కాపలా రాత్రికి మార్చండి, లాంతరు పట్టుకుని మామ్మ కూడా పక్కన ఉండొచ్చు.