కొత్త లిపికి ప్రేరణ ఎక్కడ వెతకాలి: కంటికి కనిపించే ఆకారాల్లోనా, చేతి కదలికలోనా?

పెన్నా ఒడ్డు, కడప:
సొంత లిపి కట్టాలనుకునేవారు చాలామంది దేవనాగరి తలకట్టు తీసేసి, తెలుగు అక్షరాలకు కొమ్ములు తగిలించి అక్కడే ఆగిపోతున్నారు. తెలిసిన లిపులన్నీ పక్కన పెట్టండి. ముగ్గులు, లేపాక్షి పైకప్పు చిత్రాలు, ధర్మవరం చీరల అంచులు చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీ భాషకు ఓల్ చికి లిపి రూపొందించినప్పుడు చుట్టూ ఉన్న వస్తువులు, పనుల నుంచే ఆకారాలు తీసుకున్నారు. మనకేం తక్కువ?

గుత్తి కోట, అనంతపురం:
పెన్నా ఒడ్డు గారూ, నేను ఒప్పుకోను. చీర అంచులోని హంసను వేగంగా పేజీ నిండా రాసి చూడండి, నాలుగో పంక్తికి అది హంసగా మిగలదు. లిపికి రూపం ఇచ్చేది పనిముట్టు. మా ఊరికి దగ్గర్లోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటి బ్రాహ్మి లిపిలో ఎక్కువగా నిటారు గీతలు, కోణాలు. తాటాకు మీద గంటం నడిచిన చోట అక్షరం గుండ్రబడింది. ఇంకో విశేషం: అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు, మడక తిప్పి దున్నినట్టు నడుస్తాయి. లిపి కట్టేవారిలో పంక్తి నడక గురించి ఆలోచించేవారు ఎందరు?

పెన్నా ఒడ్డు, కడప:
మరి మా జిల్లాలోని కలమళ్ళ తెలుగు శాసనం? సుమారు క్రీ.శ. 575 నాటిది, చెక్కింది రాతి మీదే, అయినా వంపులున్నాయి. పనిముట్టే అన్నీ నిర్ణయిస్తే అవి ఎలా వచ్చాయి?

గుత్తి కోట, అనంతపురం:
రాతి మీదికి రాకముందే ఆ అక్షరాలకు వేరే చోట రాసిన అలవాటు ఉంది కాబట్టి. ఉలి ఆ అలవాటునే అనుసరించింది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
ఇద్దరూ శబ్దాన్ని మరిచిపోయారు. కొరియా రాజు సెజోంగ్ 1443లో రూపొందించిన కొరియన్ లిపి హంగుల్‌లో ‘మ’కు నోటి ఆకారం, ‘క’కు నాలుక మొదలు గొంతును మూసే తీరు ఆధారం. ‘ఖ’ కావాలంటే ‘క’కు ఒక గీత చేర్చితే చాలు. మన లిపిలో ద-ధ, ప-ఫ జంటల్లో అలాంటి పద్ధతే కనిపిస్తుంది, క-ఖ దగ్గర అది లేదు. ఆ ఖాళీని చూస్తుంటే నాకు కొత్త లిపి రాయాలనిపిస్తుంది, ఏ బొమ్మను చూసినా అంతగా అనిపించదు.

పెన్నా ఒడ్డు, కడప:
శబ్దానికి వరుస కుదిరాక కూడా మొదటి గీత ఎక్కడి నుంచో రావాలి కదండీ. నేను ముగ్గు దగ్గరే మొదలుపెడతాను. గుత్తి కోట గారూ, అదే ముగ్గును పలక మీద బలపంతో, కాగితం మీద పాళీ కలంతో వేగంగా రాసి ఇక్కడ పెడతాను. ఏ వంపు నిలిచిందో మీరే చెప్పండి.