"పసుపు వాన చూశాను" అన్న పెద్దాయన మాట కింద నోట్ పెట్టాలా, వద్దా?

సెయింట్‌పాల్ తెలుగు

మిన్నెసోటాలో ఉంటాను. ఇక్కడ ఒక లైబ్రరీలో హ్మాంగ్ పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేసి పెట్టారు. శనివారాలు వెళ్ళి వాటికి సూచిక రాసే పనిలో సాయం చేస్తున్నాను. ఒక పెద్దాయన రికార్డింగు నుంచి తీసిన మూడు నిమిషాల క్లిప్ దగ్గర మాలో మాకే పడటం లేదు. మీరేమంటారో చెప్పండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. హ్మాంగ్‌లు లావోస్ కొండల జనం. 1961 నుంచి వాళ్ళకి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తుపాకులిచ్చి, జనరల్ వాంగ్ పావ్ నాయకత్వంలో కమ్యూనిస్టుల మీద యుద్ధం చేయించింది. 1962 జెనీవా ఒప్పందం ప్రకారం లావోస్ తటస్థ దేశం, అందుకని ఇదంతా గుట్టుగానే సాగింది. 1975 మే 14న వాంగ్ పావ్‌ని లాంగ్ చెంగ్ స్థావరం నుంచి థాయ్‌లాండ్‌కి తరలించారు. విమానాల్లో చోటు దొరకని వేలమంది అడవిలో నడిచి, వెదురుబొంగులు పట్టుకుని మెకాంగ్ నది దాటారు. చాలామంది అక్కడి బాన్ వినాయ్ శరణార్థి శిబిరంలో ఏళ్ళ తరబడి ఉండి అమెరికా వచ్చారు.

ఆ పారిపోయే రోజుల్లో విమానాలు పసుపు చుక్కలు చల్లాయని, ఆకులు మాడాయని, మనుషులు రక్తం కక్కుకుని పోయారని పెద్దలు చెబుతారు. అది సోవియట్ విషమని 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ ఆరోపించాడు. ఆ చుక్కల్లో ఉన్నది పుప్పొడి అని, అవి తేనెటీగల రెట్టలని హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మీసెల్సన్, ఆయనతో పనిచేసినవాళ్ళు తేల్చారు.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటల కింద "ఇది శాస్త్రీయంగా రుజువు కాలేదు" అని నోట్ పెడదామని కొందరంటున్నారు. నేను వద్దంటున్నాను. ఊరు ఊరంతా పోగొట్టుకున్న మనిషి మాట కింద మన ముద్ర ఎందుకు?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు

పెట్టి తీరాలి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, జాలి వేరు, రుజువు వేరు. ఆ పుప్పొడి తేనెటీగ కడుపులో అరిగిపోయి, డొల్లగా మిగిలిన పుప్పొడి. ఎవరైనా ఆయుధంలో పుప్పొడి కలిపారనుకుందాం, అరిగించి కలపరు కదా! 1976లో చైనాలోని జియాంగ్సులో ఇలాగే పసుపు వాన పడితే అక్కడి శాస్త్రవేత్తలూ తేనెటీగల పనే అన్నారు. అక్కడ యుద్ధం లేదు. మీసెల్సన్ బృందం 1984లో థాయ్‌లాండ్ వెళ్ళి ఆ వానలో స్వయంగా నిలబడింది.

పెద్దాయన అబద్ధమాడాడని నేననను. కానీ రేపు స్కూలు పిల్లాడు ఆ మూడు నిమిషాల క్లిప్ ఒక్కటే చూస్తాడు. వాడికి మీరేం చెబుతారు?

సెయింట్‌పాల్ తెలుగు

మాస్టారూ, తేనెటీగల సంగతి నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ చుక్కలు ఏమిటన్నది తేలితే, ఆ మనుషులు ఎందుకు పోయారన్నది కూడా తేలినట్టేనా? తుపాకులు, ఆకలి, అడవిలో తాగిన మురికి నీళ్ళు, విరేచనాలు... చావులు మాత్రం నిజం. మనం పెట్టే ఒక్క లైను నోట్ చదివినవాడు, ఆ చావులే రుజువు కాలేదనుకుంటాడు. 2012లో ఒక అమెరికన్ రేడియో కార్యక్రమంలో ఇదే జరిగింది. ఒక హ్మాంగ్ పెద్దాయన్ని, అనువాదానికి కూర్చున్న ఆయన తమ్ముడి కూతుర్నీ కూర్చోబెట్టి, మీరు కళ్ళారా చూశారా, విమానం కనిపించిందా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ అమ్మాయి ఏడ్చి, ఇక చాలని ఆపేసింది.

ఇంకొకటి. హ్మాంగ్‌లో "ఛువా" అనే మాట ఉంది. జ్వరానికి వేసేదీ అదే, రసాయనమూ అదే. మన "మందు" లాంటిదన్నమాట. పురుగుమందు, తుపాకిమందు, దగ్గుమందు. "మందు పడింది" అని మన తాతగారంటే ఏ మందో పక్కన కూర్చుని విన్నవాడికే తెలుస్తుంది. ఇంగ్లిష్ చేసినవాడు "కెమికల్ వెపన్" అని రాసేశాడు. ఆ మాట పెద్దాయనదా, అనువాదకుడిదా?

ఫ్రెస్నో నర్సు

ఇరవై ఏళ్ళుగా ఇక్కడ హ్మాంగ్ కుటుంబాలకి సేవ చేస్తున్నాను. ఒక్క విషయం చెబుతాను.

నది దాటేటప్పుడు పసిపిల్లలు ఏడిస్తే సైనికులకి దొరికిపోతారని నల్లమందు పెట్టేవాళ్ళు. మోతాదు ఎక్కువై కొందరు పిల్లలు మళ్ళీ లేవలేదు. ఒకసారి ఒక అవ్వ నాతో ఆ సంగతి మొదలుపెట్టింది. మనవడు అనువాదం చేస్తున్నాడు. అవ్వ చాలాసేపు మాట్లాడింది. చీర కొంగంత గుడ్డ ఒకటి చేతిలో ఉంది, దాన్ని మడుస్తూ విప్పుతూనే ఉంది. కుర్రాడు నావైపు తిరిగి "నది దాటడం కష్టమైందట" అన్నాడు. అంతే. నాకు భాష రాకపోయినా మిగిలింది వాడు మింగేశాడని తెలిసింది. వాడి మీద కోపం రాలేదు. చనిపోయింది వాళ్ళ అమ్మకి అక్క అట, తర్వాత తెలిసింది.

కాబట్టి నోట్ పెట్టేదేదో జవాబు కింద కాదు, ప్రశ్న కింద పెట్టండి. ఎవరడిగారు, ఏ భాషలో అడిగారు, అనువదించింది ఎవరు, గదిలో ఇంకెవరున్నారు.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు

అమ్మా, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. విషం ఆరోపణ కోసం ఆనాడు శరణార్థి శిబిరాల్లో చేసిన ఇంటర్వ్యూల మీద వచ్చిన విమర్శ కూడా ఇదే. దాడి చూశామన్నవాళ్ళనే ఏరి పిలిచి, దాడి గురించే అడిగారని. అయినా తేనెటీగల వివరం ఒక పేరాగానైనా ఉండాల్సిందే, ఆ మాట నేను వదలను. ఇంతకీ మీ రికార్డింగులో అడిగిన ప్రశ్న ఏమిటి?

సెయింట్‌పాల్ తెలుగు

మీరడిగాక మళ్ళీ విన్నాను. ప్రశ్న ఇది: "కెమికల్స్ చల్లినప్పుడు మీరెక్కడున్నారు?" అప్పటిదాకా పదకొండు నిమిషాలు ఆయన చెప్పింది వేరే. పొలంలో వదిలేసిన గేదె గురించి, దారిలో పోయిన తమ్ముడి గురించి. పసుపు రంగు మాటే ఎత్తలేదు. ప్రశ్న పడ్డాకే ఎత్తాడు.

మాస్టారూ, మీ పేరా పెడదాం. దానికి ముందు ఆ ప్రశ్నని, "ఛువా" గురించి ఒక వివరణని పెడదాం. తమ్ముడి సంగతి చెప్పిన ఆ పదకొండు నిమిషాలు క్లిప్ నుంచి కోసేశారు, వాటిని తిరిగి కలపాలి.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు

పెద్దాయన ఉన్నారా ఇంకా? ఉంటే ఈ నోట్ ముందు ఆయనకే చదివి వినిపించండి.

సెయింట్‌పాల్ తెలుగు

ఉన్నారండీ. వినికిడి తగ్గింది. వచ్చే శనివారం వాళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఈసారి తమ్ముడి గురించి అడుగుతాను.