స్కూల్ కౌన్సిల్‌కు నామినేషన్ వేయాలా? కెనడాకు కొత్తగా వచ్చిన హనుమకొండ చెల్లెకు జవాబులు

హనుమకొండ, ఇప్పుడు బ్రాంప్టన్:

అందరికీ నమస్తే. మేము పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఈ వేసవిలోనే వచ్చాం. బాబును దగ్గర్లోని పబ్లిక్ స్కూల్లో మూడో తరగతిలో వేశాం. బడి మొదలైన వారంలోనే రెండు విషయాలు టెన్షన్ పెట్టాయి. వాడి క్లాసులో రెండో తరగతి పిల్లలు కూడా ఉన్నారు, స్ప్లిట్ క్లాస్ అంటున్నారు. పైగా ఆ క్లాసు బిల్డింగ్‌లో లేదు, గ్రౌండ్ పక్కన పోర్టబుల్‌లో, అంటే విడిగా తెచ్చిపెట్టిన తాత్కాలిక గదిలో ఉంది. నయీంనగర్‌లో మేం చదివించిన ప్రైవేట్ స్కూల్లో ఇట్లాంటిది ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు స్కూల్ కౌన్సిల్‌కు, అంటే బడిలో తల్లిదండ్రులు ఎక్కువగా ఉండే కమిటీకి, నామినేషన్లు వేయమని మెయిల్ వచ్చింది. నాకు వెళ్లాలని ఉంది. మా ఆయనేమో "మనం ఇంకా సిటిజన్లం కాదు, వచ్చీ రాగానే ప్రిన్సిపాల్‌తో పెట్టుకుంటే అది బాబు మీద పడుతుంది, అయినా అక్కడ చందాలు వసూలు చేయడం తప్ప ఏముంటుంది" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పరకాల, ఇప్పుడు మిస్సిసాగా:

చెల్లె, తప్పకుండా వెయ్యి. నేను మా పిల్లల బడి కౌన్సిల్‌లో మెంబర్‌గా చేసి, తర్వాత చైర్‌గా (అధ్యక్షురాలిగా) కూడా చేశాను. మన వరంగల్ వాళ్లు ఎవరు కొత్తగా వచ్చినా ముందు ఈ మాటే చెప్తాను.

సిటిజన్ సంగతి ముందు తేల్చుకుందాం. ఇక్కడి పబ్లిక్ బళ్లను నడిపేది స్కూల్ బోర్డు, దానికి ఎన్నికయ్యే సభ్యులే ట్రస్టీలు. ఆ ట్రస్టీలను ఎన్నుకోవాలంటే సిటిజన్ అయి ఉండాలి, అది నిజమే. ఆ ఎన్నికలు మున్సిపల్ ఎన్నికలతో కలిపి నాలుగేళ్లకోసారి జరుగుతాయి. 2022 అక్టోబర్‌లో అయ్యాయి, ఆ తర్వాతివి 2026 అక్టోబర్‌లో. స్కూల్ కౌన్సిల్‌కు ఆ నిబంధన లేదు. మనం ఉండే ఒంటారియో ప్రావిన్స్‌లో కౌన్సిళ్లు నడిచేది రెగ్యులేషన్ 612/00 కింద. నీ బిడ్డ ఆ బడిలో చదువుతుంటే చాలు, నువ్వు పోటీ చేయొచ్చు, ఓటు వేయొచ్చు. పాస్‌పోర్ట్ రంగు ఎవరూ అడగరు. ఓటు హక్కు రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టే మనలాంటి వాళ్లకు బోర్డు దాకా మాట చేరేసే దగ్గరి దారి ఇదే. అందుకే దీన్ని వదులుకోవద్దంటాను.

ప్రిన్సిపాల్ భయం కూడా పెట్టుకోవద్దు. ప్రిన్సిపాల్ కౌన్సిల్‌లో ఉంటారు కానీ ఆయనకు ఓటు ఉండదు. మెంబర్లలో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలి, చైర్ కూడా వాళ్లలో ఒకరే కావాలి. బడి తెరిచిన 30 రోజుల్లోపు ఎన్నిక జరగాలి, ఏడాదిలో కనీసం నాలుగు మీటింగులు పెట్టాలి. మీటింగుకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మినిట్స్ (మీటింగులో జరిగినదాని రికార్డు), లెక్కల పుస్తకాలు నాలుగేళ్లు దాచాలి, అడిగితే చూపించాలి. ఇదంతా రూల్‌లో రాసి ఉంది, ఒకరి దయ మీద నడిచేది కాదు.

కౌన్సిల్ పని సలహా ఇవ్వడం. టీచర్‌ను మార్చమని గానీ, పలానా పిల్లాడి మార్కుల గురించి గానీ అక్కడ మాట్లాడరు. నీ బాబు సొంత విషయం ఏదున్నా టీచర్‌తో విడిగా మాట్లాడుకోవాలి. కానీ ఏ విషయం మీదైనా ప్రిన్సిపాల్‌కు గానీ బోర్డుకు గానీ కౌన్సిల్ సిఫార్సు పంపొచ్చు. వాళ్లు దాన్ని పరిశీలించి, ఏం చేశారో కౌన్సిల్‌కు తిరిగి చెప్పాల్సిందే. మన వాళ్లలో చాలామందికి ఈ ఒక్క సంగతి తెలియదు. మల్టీకల్చరల్ నైట్ రోజు సమోసాలు, పులిహోర చేసుకొచ్చి, బెంచీలు సర్ది, వచ్చిన వాళ్లందరికీ వడ్డించి వెళ్తారు. అదీ మంచి పనే, నేను కాదనను. అంత కష్టపడేవాళ్లు జనవరి మీటింగుకు కూడా వచ్చి రెండు ప్రశ్నలు అడిగితే పిల్లలకు ఇంకా మేలు జరుగుతుందని నా బాధ.

జనవరి అని ఎందుకన్నానంటే, డబ్బు నడిచే తీరు అట్లా ఉంటుంది. బోర్డు ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. బోర్డుకు తనంతట తాను పన్ను పెంచుకునే అధికారం లేదు. ఇంటి పన్నులో చదువు కోసం పోయే వాటా రేటును కూడా ప్రావిన్సే నిర్ణయిస్తుంది. ప్రావిన్స్ ఇచ్చే నిధులను 2024-25 నుంచి కోర్ ఎడ్యుకేషన్ ఫండింగ్ అంటున్నారు. ఆ ఏడాది అన్ని బోర్డులకూ కలిపి అది దాదాపు 29 బిలియన్ డాలర్లు. ఇందులో పెద్ద భాగం పిల్లల లెక్క మీద వస్తుంది. అక్టోబర్ 31న, మార్చి 31న బడిలో ఎందరున్నారన్నది కీలకం. వచ్చే ఏడాది ఏ బడిలో ఎంతమంది ఉంటారో చలికాలంలోనే అంచనా వేసి, దాన్ని బట్టి వసంతంలో టీచర్లను కేటాయిస్తారు. జూన్ చివరికి బడ్జెట్ ఆమోదం అయిపోతుంది. జూన్‌లో చేయి ఎత్తితే మర్యాదగా వింటారు, అంతే. అప్పటికే ఎవరు ఎక్కడ పని చేయాలో ఖరారై ఉంటుంది.

నీ స్ప్లిట్ క్లాస్ కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. ఒకటి నుంచి మూడు తరగతుల దాకా బోర్డు మొత్తం మీద నూటికి 90 క్లాసుల్లో 20 మందికి మించకూడదు, ఏ క్లాసులోనూ 23 దాటకూడదు. రెండో తరగతిలో 27 మంది, మూడో తరగతిలో 13 మంది ఉన్నారనుకో. 27 మందిని ఒకే గదిలో పెట్టడానికి లేదు, విడగొడితే ముగ్గురు టీచర్లు కావాలి. అదే, 20 మంది రెండో తరగతి పిల్లలను ఒక క్లాసు చేసి, మిగిలిన ఏడుగురిని మూడో తరగతి 13 మందితో కలిపితే ఇద్దరు టీచర్లతో సరిపోతుంది. మీ బాబు వెనకబడ్డాడని అందులో వేశారనుకోవద్దు. ఏ తరగతి పిల్లలకు ఆ తరగతి సిలబస్సే చెప్తారు. కాకపోతే టీచర్ టైమ్ ఎట్లా పంచుతున్నారు, గణితం విడిగా చెప్తున్నారా అని అడిగే హక్కు నీకుంది, అడుగు. సెప్టెంబర్ నెలాఖరులో పిల్లల సంఖ్య చూసి క్లాసులను మళ్లీ సర్దుతారు కూడా, కాబట్టి ఇప్పుడే బాధపడకు.

పోర్టబుల్ వేరే కథ. కొత్త ఇళ్లు లేచినంత వేగంగా బళ్లు లేవవు. కొత్త బిల్డింగ్‌కు, అదనపు గదులకు ప్రావిన్స్ ఆమోదం, డబ్బు కావాలి, అది బోర్డు ఒక్కటే తేల్చుకునేది కాదు. బోర్డు చేతిలో ఉన్నది బడి సరిహద్దులు, అంటే ఏ ఏరియా పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది మార్చడం, పోర్టబుల్స్ ఎక్కడ పెట్టాలో చూసుకోవడం. సరిహద్దులు మార్చేటప్పుడు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతారు. ఆ మీటింగులకు మన వాళ్లు రారు, మార్పు అయ్యాక మాత్రం వాట్సాప్‌లో మొత్తుకుంటారు. దయచేసి ముందే రండి.

చందాల సంగతి కూడా చెప్తాను. ఫండ్‌రైజింగ్ పూర్తిగా ఇష్టం మీద నడిచేది, ఇవ్వలేదని బిడ్డను ఎవరూ పక్కన పెట్టకూడదు. పాఠ్యపుస్తకాల్లాంటి అసలు చదువు ఖర్చుకు చందా డబ్బు వాడకూడదని ప్రావిన్స్ మార్గదర్శకాలే చెప్తున్నాయి. కౌన్సిల్ మీటింగ్ అంతా పిజ్జా లంచ్ లెక్కలతోనే గడిచిపోతుంటే, ఎజెండాలో మొదటి అంశంగా బడ్జెట్ పెట్టమని అడుగు.

మా బడిలో జరిగింది చెప్తాను. ఒక ఏడాది ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే) టీచర్ సమయం సగానికి తగ్గింది. కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువయ్యారు, నేర్పే మనిషి తగ్గింది. తర్వాతి చలికాలం మేం లైబ్రరీలో చిన్న పిల్లల కుర్చీల్లో కూర్చుని, ఒకే పేజీలో సిఫార్సు రాశాం. ఏ తరగతిలో ఎందరు పిల్లలకు ఆ సాయం కావాలి, ఇప్పుడు వారానికి ఎంత సమయం దొరుకుతోంది, ఎంత కావాలి, ఏ తేదీకల్లా జవాబు ఆశిస్తున్నాం. అంతే, ఆవేశం ఒక్క లైను కూడా లేదు. బోర్డు నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అడిగినంత ఇవ్వలేదు, పోయిన దాంట్లో కొంత తిరిగి ఇచ్చారు, ఏ లెక్కన ఇచ్చారో కూడా రాశారు. ఆ లెక్క చేతిలో ఉండడం వల్ల మరుసటి ఏడాది ఇంకా గట్టిగా అడగగలిగాం.

ఇంకో ముఖ్యమైన మాట. అడ్మిషన్ ఫారంలో కెనడాకు వచ్చిన తేదీ, ఇంట్లో మాట్లాడే భాష ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంగ్లిష్ అని రాస్తే బిడ్డకు గౌరవం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. అట్లా రాస్తే ఆ బిడ్డకు భాషలో సాయం కావాలన్న సంగతే బడికి తెలియకుండా పోతుంది. తెలుగు అని రాయండి.

నర్సంపేట, రిటైర్డ్ హెచ్‌ఎం, హనుమకొండలో నివాసం:

బిడ్డా, మా అమ్మాయి అక్కడే ఉంటుంది, ఆమె చూపిస్తే చదివాను. పరకాల అమ్మ చాలా బాగా చెప్పింది. ఇలాంటి కమిటీ మన దగ్గర లేదని మాత్రం అనుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా వాళ్లే. ఎయిడ్ తీసుకోని ప్రైవేట్ బళ్లకు ఆ సెక్షన్ వర్తించదు, అందుకే నయీంనగర్‌లో మీకు అది కనబడలేదు. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు, మహిళా సంఘం నాయకురాలు అధ్యక్షురాలు, హెచ్‌ఎం కన్వీనర్.

ఆచరణలో ఎట్లుంటదో నేను చూసినవాణ్ని. తీర్మానాల రిజిస్టర్ ముందే రాసిపెట్టి, నాట్లు వేస్తున్న తల్లుల దగ్గరికి పొలం గట్టు మీదికి పంపి సంతకాలు పెట్టించుకున్న బళ్లు నాకు తెలుసు. ఆ తల్లులది తప్పనను. పొద్దున పదకొండు గంటలకు మీటింగ్ పెడితే రోజు కూలీ పోగొట్టుకుని ఎవరొస్తారు? మా బడిలో సాయంత్రం, కూలీ నుంచి వచ్చాక మీటింగ్ పెట్టాం. సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, 100 లోపు 25,000, 250 లోపు 50,000. మాకు వచ్చినదాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి, ఏది దేనికి ఖర్చయిందో చదివి వినిపించాను. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు రిపేరు. వెనక కూర్చున్న ఒక తల్లి లేచి "సారూ, ఆడపిల్లల బాత్రూంకు నీళ్ల పైపు ఇందులో లేదేంది?" అని అడిగింది. ఆ నెలలోనే పైపు వేశాం. హెచ్‌ఎంగా ఉన్నవాడికి అట్లా అడిగే తల్లి బలమే తప్ప బరువు కాదు. మీ ప్రిన్సిపాల్‌కు కూడా అంతే. పై ఆఫీసుకు రాసేటప్పుడు తల్లిదండ్రుల తీర్మానం జత చేస్తే ఆ కాగితానికి విలువ పెరుగుతుంది.

హనుమకొండ, ఇప్పుడు బ్రాంప్టన్:

అక్కా, సార్, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను, వెయ్యమన్నారు. రెండు సందేహాలు. నా ఇంగ్లిష్ ఆఫీసులో నడుస్తుంది కానీ మీటింగులో అందరి ముందు మాట్లాడాలంటే గొంతు పెగలదు. ఇంకోటి, బోర్డులను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుందని వార్తల్లో చూశాను, అప్పుడు ఈ కౌన్సిల్‌కు విలువ ఉంటుందా?

పరకాల, ఇప్పుడు మిస్సిసాగా:

రెండోది ముందు చెప్తా. 2025లో టొరంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డుతో సహా కొన్ని బోర్డుల మీద ప్రావిన్స్ సూపర్‌వైజర్లను పెట్టింది. అట్లాంటి చోట ట్రస్టీల నిర్ణయాలు సూపర్‌వైజర్ చేతిలోకి పోతాయి. స్కూల్ కౌన్సిళ్లు మాత్రం ఉంటాయి. నన్నడిగితే, ట్రస్టీ గొంతు తగ్గిన చోట కౌన్సిల్ రాసే కాగితం ఇంకా ముఖ్యం. మీ బోర్డు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకో. బోర్డు స్థాయిలో పేరెంట్ ఇన్వాల్వ్‌మెంట్ కమిటీ కూడా ఉంటుంది, దాని మీటింగులకు ఎవరైనా వెళ్లొచ్చు.

ఇంగ్లిష్ గురించి దిగులు పడకు. మొదటి మీటింగులో ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు. అడగాల్సింది ముందే చైర్‌కు మెయిల్ చేసి ఎజెండాలో పెట్టించు, అక్కడ చదివితే చాలు. ఈ ఏడాది నువ్వు అడగదగ్గవి నా లెక్కన ఇవి: వచ్చే సెప్టెంబర్‌కు మన బడిలో ఎంతమంది పిల్లలు ఉంటారని అంచనా? ఈఎస్ఎల్‌కు ఎంత సమయం కేటాయిస్తున్నారు? పోర్టబుల్స్ ఇంకా ఎన్నేళ్లు? మూడోదానికి ప్రిన్సిపాల్ దగ్గర జవాబు ఉండకపోవచ్చు, బోర్డు ప్లానింగ్ విభాగాన్ని అడిగి చెప్పమను. జవాబు మినిట్స్‌లో రాయించు.

నామినేషన్ ఫారంలో పేరు, బాబు పేరు, క్లాసు, నీ గురించి రెండు మూడు లైన్లు ఉంటే సరిపోతుంది. "ఈ ఏడాదే భారతదేశం నుంచి వచ్చాం, కొత్త కుటుంబాల అవసరాలు కౌన్సిల్‌కు తెలియాలని కోరుకుంటున్నాను" అని రాయి. చివరి తేదీ చూసుకో. ఆఫీసులో కాగితం ఇస్తే, అందిందని ఒక మెయిల్ పెట్టమను.